ఖర్చు ఎవరి పద్దులో పడింది?

1963లో అచ్చయిన ‘బర్క్స్ పీరేజ్’ ఇంగ్లండ్ ప్రభువంశాలకు వంశావళి పుస్తకం. అందులో నెరిస్సా, కేథరిన్ బోస్-లయన్ అనే అక్కచెల్లెళ్లలో ఒకరు 1940లో, ఒకరు 1961లో పోయారని రాసి ఉంటుంది. వీళ్లు రెండో ఎలిజబెత్ రాణికి స్వయానా మేనమామ కూతుళ్లు. మన వరసల్లో ఆమెకు ఒకరు వదిన, ఒకరు మరదలు. పుస్తకం అచ్చయ్యేనాటికి ఇద్దరూ బతికే ఉన్నారు. పుట్టుకతోనే బుద్ధి ఎదగని ఆ ఇద్దరినీ 1941లో సర్రే కౌంటీ రెడ్‌హిల్ దగ్గరున్న రాయల్ ఎర్ల్స్‌వుడ్ అనే సంస్థలో చేర్చారు. బుద్ధి ఎదగనివాళ్లను ఉంచే చోటది. నెరిస్సా 1986లో పోయింది. కేథరిన్ 2014 దాకా ఉంది. 1987లో పత్రికలవాళ్లు సంగతి బయటపెట్టేనాటికి నెరిస్సా సమాధి మీద రాయి లేదు. ఒక ప్లాస్టిక్ చీటీ, దాని మీద ఒక నంబరు.

రాణిగారి మేనమామ ఇంటి లెక్కే ఇలా ఉంటే, లాంకషైర్‌లో ఒక నేతపనివాడి ఇంటి లెక్క ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. ఇప్పుడు ఇంగ్లండ్‌లో స్థిరపడిన మన ఇళ్లలోకి అక్కడి కోడళ్లు, అల్లుళ్లు వస్తున్నారు. బడిలో వంశవృక్షం గీసుకురమ్మంటే పిల్లలకు ఒక పక్క తాడేపల్లిగూడెం, ఇంకో పక్క బ్లాక్‌బర్న్. ఆ రెండో పక్క వెతుకుతూ వెళ్తే ఎక్కడో ఒకచోట ఒక అత్తో, మామో, చిన్నతాతో అయిపు లేకుండా పోతారు. పెళ్లి లేదు, పిల్లల్లేరు, సమాధి లేదు. జనాభా లెక్కల కాగితంలో చివరి గడిలో మాత్రం ఒక మాట ఉంటుంది: ‘ఇంబెసిల్’.

ఇంట్లోవాళ్లు దాచిన మనిషిని సర్కారు కాగితం దాచదు. మంచితనం వల్ల కాదు. ఆ మనిషి తిండికి ఎవరో ఒకరు డబ్బు కట్టాలి, కట్టిన డబ్బుకు లెక్క రాయాలి. అందుకే ఈ వెతుకులాటలో నేను మొదట అడిగే ప్రశ్న ‘ఆమెకు ఏ జబ్బు?’ కాదు, ‘ఆ ఏడాది ఆమె ఖర్చు ఎవరి పద్దులో పడింది?’ పద్దు మారినప్పుడల్లా మనిషి చోటు మారింది, కాగితం చోటూ మారింది.

ముందు మాటల చిక్కు విప్పుకోవాలి. ఇవాళ తిట్లుగా మిగిలిన ‘ఇడియట్’, ‘ఇంబెసిల్’, ‘లూనటిక్’ అప్పట్లో చట్టం మాటలు. లూనటిక్ అంటే మొదట బాగానే ఉండి తర్వాత మతి చలించినవాడు. ఇడియట్ అంటే పుట్టుకతోనే బుద్ధి ఎదగనివాడు. ఇంబెసిల్ కొంత నయం, చెప్పిన పని చేయగలడు. ఇదంతా చట్టం పుస్తకంలో. ఊళ్లో పేదల సాయం చూసే గుమాస్తా చేతిలోకి వచ్చేసరికి ఈ గీతలన్నీ చెరిగిపోయేవి. మూర్ఛ ఉన్నవాడూ, చెవుడు వల్ల మాట రానివాడూ, పక్షవాతం వచ్చిన ముసలాయనా ఒకే మాట కిందికి వచ్చారు. ఒకే మనిషి ఒక రిజిస్టర్లో ఇంబెసిల్, పదేళ్ల తర్వాత ఇంకోదాంట్లో లూనటిక్, మరోచోట ఉత్త ‘వీక్ మైండ్’. జబ్బు మారిందనుకోకండి. మారింది ఫారమ్.

మనకూ ఇది కొత్త కాదు. ‘పిచ్చి’, ‘వెర్రి’, ‘అమాయకుడు’ అని ఊళ్లో కలిపేసే మాట్లాడతాం. 1912 నాటి ఇండియన్ లూనసీ చట్టమైతే లూనటిక్ అంటే ‘ఇడియట్ లేదా మతి స్థిమితం లేనివాడు’ అని ఒకే వాక్యంలో ఇద్దరినీ కట్టేసింది. సికింద్రాబాద్‌లో 1984లో పెట్టిన జాతీయ సంస్థ పేరులో ‘మెంటల్లీ హ్యాండికాప్డ్’ అని ఉండేది, ఇప్పుడు ‘ఇంటెలెక్చువల్ డిజెబిలిటీస్’ అని ఉంది. రేపు సదరం సర్టిఫికెట్ చదివే మునిమనవడు కూడా అందులోని శాతం ఆ మనిషిని గురించి చెబుతోందా, పింఛను నిబంధనను గురించి చెబుతోందా అని తల గోక్కుంటాడు.

ఇక కాగితాల దగ్గరికి. చాలామంది మొదలుపెట్టేది జనాభా లెక్కలతో. 1851, 1861ల్లో వైకల్యం గడిలో గుడ్డి, చెవిటి-మూగ సంగతులే అడిగారు. బుద్ధికి సంబంధించిన ప్రశ్న ఇంగ్లండ్‌లో 1871లో వచ్చింది: ‘ఇంబెసిల్ లేదా ఇడియట్’ అని ఒకటి, ‘లూనటిక్’ అని ఒకటి. 1901కి ‘ఇడియట్’ మాట తీసేసి ‘ఫీబుల్‌మైండెడ్’, అంటే బుద్ధి బలహీనమైనవాడు, అని పెట్టారు. కాబట్టి 1861లో గడి ఖాళీగా ఉంటే దానికి అర్థమేమీ లేదు. 1871 తర్వాత ఖాళీగా ఉన్నా పెద్దగా లేదు, ఎందుకంటే ఏ తల్లి తనంతట తాను ఆ మాట రాయిస్తుంది?

1911 కాగితానికి ఒక ప్రత్యేకత ఉంది. అంతకుముందు లెక్కల మనిషి ఇంటింటి ఫారాలు చూసి తన పుస్తకంలోకి ఎక్కించుకునేవాడు, మిగిలింది ఆ పుస్తకమే. 1911లో మాత్రం ఇంటి పెద్ద నింపిన ఫారమే మిగిలింది. ఆ లోపం ఏ వయసులో వచ్చిందో కూడా రాయమన్నారు. తండ్రి చేతిరాతలో ‘పుట్టుక నుంచీ’ అన్న మాట కనిపించేది అక్కడే. 1911 లెక్కలను ముందుగా 2009లో జనానికి చూపించినా, ఆ ఒక్క గడిని 2012 జనవరి దాకా కప్పి ఉంచారు. 1921లో ఆ ప్రశ్నే ఎత్తేశారు. 1931 కాగితాలు 1942లో కాలిపోయాయి. తర్వాత దొరికేది యుద్ధం మొదలైనప్పుడు తీసిన 1939 రిజిస్టరు.

ఇంకో చిక్కు. అసైలంలో, అంటే మతి చలించినవాళ్లనూ బుద్ధి ఎదగనివాళ్లనూ ఉంచే సంస్థలో, ఉన్నవాళ్లకు లెక్కల్లో చాలాచోట్ల పూర్తి పేరు రాయలేదు, పొడి అక్షరాలే. అలాంటప్పుడు పేరుతో వెతికితే సున్నా. వయసు, పుట్టిన ఊరు, పాత వృత్తి, ఈ మూడూ కలిపి చూసుకోవాలి.

ఇప్పుడు ఊహకు ఒక అమ్మాయిని తీసుకుందాం. 1862లో ఉత్తర ఇంగ్లండ్‌లో ఒక మిల్లు ఊళ్లో పుట్టింది. 1871లో తొమ్మిదేళ్లు, గడి ఖాళీ. 1881లో పంతొమ్మిదేళ్లు, తల్లిదండ్రుల ఇంట్లోనే, గడిలో ‘ఇంబెసిల్’. 1891లో ఇంట్లో లేదు. ఈ పదేళ్లలో ఏం జరిగింది?

నేనైతే ముందు ఆమె తల్లి మరణం వెతుకుతాను. ఇలాంటివాళ్లు వర్క్‌హౌస్‌లో చేరిన తేదీకి కొంచెం వెనక్కి వెళ్తే చాలాసార్లు ఇంట్లో ఒక చావో, తండ్రి మారుమనువో, చూసుకునే అక్క పెళ్లో కనిపిస్తుంది. ఆ అమ్మాయిలో ఏ మార్పూ రాలేదు. అన్నం కలిపి పెట్టే చెయ్యి పోయింది, అంతే.

వర్క్‌హౌస్ అంటే అనాథాశ్రమం, ముసలివాళ్ల ఆశ్రమం, ఆసుపత్రి, కొంత జైలు, నాలుగూ కలిసిన కొంప. 1834 చట్టంతో ఊళ్లను గుంపులుగా కట్టి ఒక్కో గుంపును ‘యూనియన్’ అన్నారు. దాన్ని నడిపేది స్థానికులు ఎన్నుకున్న ‘గార్డియన్ల’ బోర్డు. ఇంటి పన్నుల మీద వసూలైన డబ్బుతో పేదల్ని పోషించాలి, ఆ డబ్బు వీలైనంత మిగల్చాలి. ఆ చట్టమే ఒక నిబంధన కూడా పెట్టింది: ప్రమాదకరమైన లూనటిక్‌ని గానీ, మతి తప్పినవాణ్ణి గానీ, ఇడియట్‌ని గానీ వర్క్‌హౌస్‌లో 14 రోజులకు మించి ఉంచరాదు. ‘ప్రమాదకరమైన’ అన్న విశేషణం మూడింటికీ వర్తిస్తుందని అధికారులు అర్థం చెప్పుకున్నారు. అంటే సాధువుగా ఉండే ఇడియట్‌ని ఎన్నేళ్లయినా ఉంచుకోవచ్చు. అసైలంకి పంపితే వారానికి కట్టాల్సింది చాలా ఎక్కువ మరి. ఒక విశేషణం ఎంతమంది బతుకుల్ని ఎక్కడ నిలబెట్టిందో చెప్పడానికి 1861లో పార్లమెంటుకు సమర్పించిన ఒక జాబితా ఉంది. ఐదేళ్లకు పైగా ఒకే వర్క్‌హౌస్‌లో ఉండిపోయిన పెద్దవాళ్లందరి పేర్లూ, ఎందుకుండిపోయారో కారణమూ అందులో అచ్చయ్యాయి. మొత్తం 14 వేల పైచిలుకు పేర్లు. వాటిలో చాలావాటికి ఎదురుగా మతికి సంబంధించిన కారణమే: ‘ఇడియట్’, ‘వీక్ మైండ్’. 1856కి ముందు మాయమైన మనిషి కోసం వెతుకుతుంటే ముందు చూడాల్సింది ఇదే.

మన అమ్మాయి 1880ల మనిషి కాబట్టి ఆమె కోసం చేరికల రిజిస్టరు తెరవాలి. పేజీ అడ్డంగా పొడుగ్గా ఉంటుంది. తేదీ, పేరు, వృత్తి, మతం, పుట్టిన ఏడాది, ఏ తరగతి భోజనం పెట్టాలి, ఎవరి ఉత్తరువు మీద వచ్చింది, ఏ ఊరి మనిషి. వచ్చాక తినబోయే మొదటి పూట ఏదో కూడా రాస్తారు, పొద్దుటిదా, మధ్యాహ్నందా, రాత్రిదా అని. ఎంత ముద్ద ఖర్చయిందో లెక్క తేలాలి కదా. కుడి పక్క వెళ్లిపోయిన తేదీ, ఎలా వెళ్లింది. ఇంబెసిల్ అన్న మాట ఈ రిజిస్టర్లో ఉండకపోవచ్చు కూడా. భోజనం తరగతి గడి చూడండి. ఒంట్లో సత్తువ ఉన్న ఇరవై మూడేళ్ల మనిషికి పనిచేసేవాళ్ల తరగతి కాకుండా వేరే నంబరు పడిందంటే ఏదో ఉందన్నమాట.

దీనికంటే నాకు ఇష్టమైనది మతాల రిజిస్టరు, 1869 నుంచి ప్రతి వర్క్‌హౌస్‌లోనూ పెట్టాల్సి వచ్చింది. ఎవరు ఏ చర్చి పాదిరికి చెందుతారో తేల్చడానికి పెట్టిన పుస్తకం. వంశం వెతికేవాళ్లకు అందులో పనికొచ్చేది దగ్గరి బంధువు పేరు, చిరునామా. అక్షర క్రమంలో ఉంటుంది కాబట్టి వెతకడమూ తేలిక.

రిజిస్టర్లో మన అమ్మాయి వెళ్లిపోయిన తేదీ 1888, ఎదురుగా ‘కౌంటీ అసైలం’. మళ్లీ అదే ప్రశ్న: మూడేళ్లు వర్క్‌హౌస్‌లో గొడవ లేకుండా ఉన్న మనిషిని ఇప్పుడెందుకు పంపారు? ఆమె ఎవరినైనా కొట్టి ఉండొచ్చు. కానీ ఒక సంగతి మరచిపోకూడదు. కౌంటీకో అసైలం కట్టి తీరాలని 1845లో చట్టం వచ్చింది. 1874 నుంచి అసైలంలో ఉన్న ఒక్కో పేద రోగికి వారానికి నాలుగు షిల్లింగుల చొప్పున కేంద్ర ఖజానా ఇవ్వడం మొదలుపెట్టింది. వర్క్‌హౌస్‌లో ఉంచుకుంటే ఆ డబ్బు రాదు. అంతకుముందు దండగ అనిపించిన అసైలం గార్డియన్లకు ఒక్కసారిగా గిట్టుబాటైంది. ఆ తర్వాత అసైలంలు నిండిపోవడంలో దీని వాటా ఎంత అని చరిత్రకారులు వాదించుకుంటూనే ఉన్నారు. నాకు మాత్రం, 1874 తర్వాత సాధువైన మనిషి బదిలీ అయిన ప్రతిచోటా ఆ నాలుగు షిల్లింగులే కళ్ల ముందు ఆడతాయి.

లండన్ కథ వేరు. అక్కడ 1867 చట్టంతో ఏర్పడిన మెట్రోపాలిటన్ అసైలమ్స్ బోర్డు 1870లో లీవ్స్‌డెన్‌లోనూ కేటరమ్‌లోనూ ఇంబెసిళ్ల కోసమే రెండు బ్రహ్మాండమైన భవనాలు తెరిచింది. తర్వాత పిల్లల కోసం డారెంత్. లండన్ మనిషి 1870 తర్వాత మాయమైతే మామూలు కౌంటీ అసైలంల కంటే ముందు ఈ మూడు పేర్లు చూడాలి. స్కాట్లండ్‌దీ వేరే దారి. అక్కడ సాధువైన రోగుల్ని పల్లెల్లో రైతుల ఇళ్లలో డబ్బు కట్టి ఉంచేవారు, కాబట్టి జనాభా లెక్కల్లో వేరే ఇంటి పేరున్న కుటుంబంలో ‘బోర్డర్’గా కనిపిస్తారు.

అసైలంకి చేరాక కాగితాలు చిక్కబడతాయి. మేజిస్ట్రేటు ఉత్తరువు, డాక్టరు సర్టిఫికెట్టు ఉంటాయి. సర్టిఫికెట్లో రెండు భాగాలు: నేను స్వయంగా చూసినవి, ఇతరులు చెప్పగా విన్నవి. మొదటిది చదివితే ఉసూరుమంటుంది. ఈరోజు ఏ వారమో చెప్పలేకపోయింది, డబ్బులు లెక్కపెట్టలేకపోయింది, ప్రశ్న అడిగితే నవ్వింది. ఇలాంటివి. పరాయి డాక్టరు ముందు, భయంతో. రెండో భాగమే బంగారం. అక్కడ తల్లో, పొరుగావిడో, వర్క్‌హౌస్ నర్సో మాట్లాడుతుంది: ఎప్పుడు నడిచింది, మూర్ఛ ఎప్పుడు మొదలైంది, ఏ పని చేసేది. ‘వ్యవధి’ అన్న గడిలో రోజులూ నెలలూ కాకుండా ‘కంజెనిటల్’ అని ఉంటే, పుట్టుకతో వచ్చిందని అర్థం. పిచ్చిని, బుద్ధిమాంద్యాన్ని విడదీసుకోవడానికి ఆ ఒక్క మాట మీద ఆధారపడొచ్చు, కొంతవరకు.

కేసు పుస్తకంలో మొదటి వారాల్లో పేజీలకు పేజీలు. తర్వాత నెలకోసారి, ఆ తర్వాత ఏడాదికోసారి. పుట్టుకతో వచ్చినదానికి నయం కావడమంటూ లేదు కాబట్టి డాక్టరుకు రాయడానికేమీ ఉండదు: ‘మార్పు లేదు. లాండ్రీలో పని చేస్తోంది.’ ఆ రెండో వాక్యాన్ని దాటిపోకండి. అంత పెద్ద సంస్థల్లో బట్టలుతకడం, నేల తోమడం, తోటపని, తోటి రోగికి తినిపించడం చాలావరకు రోగులే చేశారు. నిరుపయోగమని రాసిన చేతులే సంస్థను నడిపించాయి. 1870ల తర్వాత చాలాచోట్ల కేసు పుస్తకంలో ఫోటో కూడా అతికించారు. ఇంట్లో ఎవరూ ఎన్నడూ చూడని ముఖం అక్కడ దొరకవచ్చు.

కొన్ని మాటలు మనవాళ్లను ప్రత్యేకంగా తప్పుదారి పట్టిస్తాయి. ‘రిలీవ్డ్’ అని కనిపిస్తే మన గవర్నమెంటు ఉద్యోగి చార్జి ఇచ్చేసి రిలీవ్ అయినట్టు విడుదల అయిందనుకుంటాం. కాదు, కాస్త నెమ్మదించింది అని. ‘నాట్ ఇంప్రూవ్డ్’ అని పేరు కొట్టేశారంటే ఇంటికి పంపారని కాదు, చాలాసార్లు ఇంకో సంస్థకు తోలారని, కాబట్టి తర్వాతి గుమ్మం వెతకాలి. ‘సెటిల్‌మెంట్’ అంటే మన సినిమాల్లో సెటిల్‌మెంట్ కాదు, ఏ ఊరు ఆ మనిషిని పోషించాలో తేల్చే హక్కు. ఎవరు కట్టాలన్న తగువు వచ్చినప్పుడు మేజిస్ట్రేటు తండ్రిని కూర్చోబెట్టి పుట్టిన ఊరు, పనిచేసిన చోట్లు, అద్దెకున్న ఇళ్లు అన్నీ అడిగి రాయించేవాడు. పేదవాడి ఆత్మకథ అంటూ ఏదైనా మిగిలిందంటే అదే, అది మిగిలిందీ ఊళ్లు బిల్లు తప్పించుకోవాలని చూసినందువల్లే.

ఏ అసైలమో తెలియకపోతే లండన్ క్యూ ప్రాంతంలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ‘ఎం.హెచ్. 94’ అనే వరుస చూడాలి. దేశంలోని అసైలంలలో చేరిన రోగుల రిజిస్టర్లు, 1846 నుంచి. 1912 దాకా ఉన్నవి వంశాలు వెతికేవాళ్లు వాడే యాన్సెస్ట్రీ వెబ్‌సైట్‌లోనూ ఉన్నాయి. పేరు, చేరిన తేదీ, సంస్థ, బయటికి పోయిన తేదీ, అంతే. రోగి కథ ఉండదు. వర్క్‌హౌస్‌లోనే ఉండిపోయినవాళ్లు ఇందులోకి రారు. ఇందులో లేదు కాబట్టి బుద్ధిమాంద్యం లేదని తేల్చేయడం నేను చాలాసార్లు చూసిన పొరపాటు.

డబ్బున్నవాళ్ల, లేదా డబ్బున్నవాళ్లను ఎరిగినవాళ్ల దారి ఇంకొకటి. మొదట్లో చెప్పిన ఎర్ల్స్‌వుడ్ 1855లో తెరిచింది పేదల కోసమో ధనికుల కోసమో కాదు, మధ్యలోవాళ్ల కోసం. చందాదారులు ఓట్లు వేసి ఏ పిల్లవాణ్ణి ఉచితంగా చేర్చుకోవాలో ఎన్నుకునేవారు. తల్లిదండ్రులు కార్డులు అచ్చేయించుకుని ఓట్లడిగేవారు. జాన్ లాంగ్డన్ డౌన్ డాక్టరుగా ఉన్నది ఇక్కడే, 1866లో ఆయన వర్ణించిన స్థితినే ఇవాళ డౌన్ సిండ్రోమ్ అంటున్నాం. జేమ్స్ హెన్రీ పుల్లెన్ అనే ఆయన 1916లో పోయేదాకా ఇక్కడే ఉన్నాడు. సరిగా వినపడదు, మాట రాదు, అక్షరాలు పట్టుబడలేదు. ‘గ్రేట్ ఈస్టర్న్’ అనే ఓడ నమూనాను ఏళ్ల తరబడి చెక్కి, ప్రదర్శనల్లో జనాన్ని నోరెళ్లబెట్టించాడు. ఆయన పేరు పక్కన ఏ మాట రాసి ఉన్నా, ఆ ఓడను చూసినవాళ్లు ఆ మాటను నమ్మడం కష్టం.

బడి సంగతి కూడా ఒక్క మాట. 1880లో చదువు నిర్బంధం అయ్యేదాకా, పొలంలో రాళ్లేరే పిల్లవాడికి అక్షరం రాదన్నది ఎవరికీ కనబడేదే కాదు. తరగతిలో కూర్చోబెట్టాకే వెనకబడ్డవాడు తేలాడు. 1899 తర్వాత అలాంటివాళ్లకు ప్రత్యేక బడులు పెరిగాయి. ఆ బడుల చేరిక రిజిస్టర్లు ఆర్కైవ్స్‌లో ఉంటాయి, ఎవరూ అడగరు.

1913లో మెంటల్ డెఫిషియన్సీ చట్టం వచ్చింది. ఇడియట్, ఇంబెసిల్, ఫీబుల్‌మైండెడ్, మోరల్ ఇంబెసిల్ అని నాలుగు మెట్లు కట్టింది. పేదల సాయం మీద ఉంటూ పెళ్లి కాకుండా బిడ్డను కన్న స్త్రీకి బుద్ధి తక్కువని తేలిస్తే పట్టుకుపోయి ఉంచే వీలు కల్పించింది. 1959 దాకా అమల్లో ఉంది. అంటే మీ చెట్టులో 1915 ప్రాంతంలో ఒక యువతి, ఒక బిడ్డ, తర్వాత దశాబ్దాల నిశ్శబ్దం కనిపిస్తే, ఆమెకు నిజంగా బుద్ధిమాంద్యం ఉందో లేదో కాగితం చెప్పలేదు. ఉందని ఎవరికి అవసరమైందో మాత్రం చెబుతుంది.

ఈ కాలపు కాగితాలకు తాళం ఉంటుంది. రోగుల రికార్డులు మామూలుగా 100 ఏళ్లు మూసి ఉంచుతారు, ఆ లెక్కా పుస్తకంలోని చివరి తేదీ నుంచి. 1895లో చేరిన మనిషి కేసు, 1931 దాకా రాసిన పుస్తకంలో ఉంటే 2032 దాకా ఆగాలి. మరణ ధ్రువపత్రం, మీ చుట్టరికం చూపించే కాగితాలు పెట్టి అర్జీ పెడితే ఒక్కోసారి ముందే చూపిస్తారు. మరణ ధ్రువపత్రాల్లో ఇంకో మెలిక: వర్క్‌హౌస్‌లో పుట్టారన్న మచ్చ పడకుండా 1904 నుంచి పుట్టుక కాగితాల్లో సంస్థ పేరు బదులు ఉత్త వీధి చిరునామా రాయడం మొదలైంది, తర్వాత చావు కాగితాల్లోనూ. తెలియని ఇంటి నంబరు కనిపిస్తే పాత మ్యాపులో ఆ వీధి చివర ఏముందో చూడండి. సమాధి దొరక్కపోతే కూడా ఆశ్చర్యపోకండి. ఎవరూ అడగని పేదల శవాలను వైద్య కళాశాలలకు ఇవ్వడానికి 1832లోనే చట్టం వచ్చింది.

కేసు పుస్తకం పోయింది, తడిసింది, ఆసుపత్రి మూసేసినప్పుడు చెత్తలో పారేశారు అని కౌంటీ రికార్డు ఆఫీసులో చెబుతారనుకోండి. అప్పుడు గార్డియన్ల ఖాతా పుస్తకాలు ఉన్నాయా అని అడగండి. కాగితాల్లో అంత విసుగు పుట్టించేవి లేవు కాబట్టి వాటినెవరూ ముట్టుకోరు. అసైలం నుంచి మూడు నెలలకోసారి వచ్చే బిల్లు అందులో ఎక్కిస్తారు: ఒక్కో రోగి పేరు, ఎన్ని వారాలు, ఎంత సొమ్ము. మన అమ్మాయి పేరు వేలు పెట్టి వెతుక్కుంటూ పేజీలు తిప్పితే ప్రతి త్రైమాసికంలోనూ 13 వారాలు, 13 వారాలు, 13 వారాలు. ఏళ్లకేళ్లు అంతే. ఒక పేజీలో 4 వారాల 2 రోజులు. తర్వాతి పేజీలో ఆ పేరుండే చోట ఇంకొకరి పేరు.